కోతమ్మ లెక్క

నా చిన్నప్పుడు లెక్కల పుస్తకాల్లో బొమ్మలుండేవి కావు. అంకెలు, గీతలు, ప్రతి పాఠం చివరా ఒక అభ్యాసం, అంతే. ఇప్పుడు మా మనవరాలి పుస్తకాలు చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఒకదాంట్లో ఏనుగు లడ్డూలు పంచుతుంది, ఇంకోదాంట్లో పిల్లి మెట్లెక్కుతూ ఎక్కాలు చెబుతుంది. ఆ పిల్ల నా పక్కన బోర్లా పడుకుని చదువుకుంటూ పకపకా నవ్వుతుంది. అది అలా నవ్వినప్పుడల్లా నేను ఒకసారి గుమ్మం వైపు చూస్తాను. ఇంత వయసు వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఎందుకు చూస్తావని ఈ మధ్యే అది నన్నడిగింది. ఊరికే అన్నాను. ఊరికే కాదు.

మేము గౌలిపురాలో ఉండేవాళ్ళం. మా గల్లీలో సగం ఇళ్ళవాళ్ళకు బర్రెలుండేవి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అవి గల్లీ అంతా తమదే అన్నట్టు నడిచేవి, మనుషులమే గోడకు ఒదిగి నిలబడేవాళ్ళం. మాకు బర్రెలు లేవు. మా బాపు బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పనిచేసేవాడు. ఊళ్ళ నుంచి వచ్చే వ్యాపారులకు స్టీలు గిన్నెలు, బిందెలు గోనెసంచుల్లో సర్ది, దబ్బనంతో కుట్టి పంపడం ఆయన పని. చదివింది ఏడో తరగతే అయినా ఎక్కాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వాటిని ఆయన నేర్చుకున్నది పంతులు బెత్తం కింద. అలా కాక మరోలా నేర్చుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకుని ఎక్కం మొదలుపెట్టేవాడు. నేను తప్పినచోట కళ్ళు తెరిచేవాడు. ఆ తెరవడానికే నేను మిగతా ఎక్కం కూడా మరిచిపోయేదాన్ని.

మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక అక్క ఉండేది. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు. అక్క టీచరు ట్రైనింగు చదువుతుండేది. సాయంత్రాలు డాబా మీద తల దువ్వుకుంటూ, ఎదురుగా పిల్లలున్నట్టు ఊహించుకుని పాఠాలు చెప్పేది. నేను పిట్టగోడ ఇవతల కూర్చుని వినేదాన్ని. లెక్కలంటే నాకు భయమని ఆమెకు ఎలా తెలిసిందో కానీ, ఒకరోజు ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. పాత పుస్తకం, అట్ట మూలలు నలిగి ఉన్నాయి. అట్ట మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక కోతి. "సోమవారం మీ బడిల్నే చిన్న పిల్లలకు నేను పాఠం చెప్పాలె. మా కాలేజీ మేడం వచ్చి చూస్తది. ఈ బొమ్మలే చూపించి చెప్త. అందాక నువ్వు చదువుకో, ఆదివారం ఇచ్చెయ్" అంది.

ఆ పుస్తకంలో ఒక కోతమ్మ ఉంది. దానికి ఇంట్లో తెమలని పంచాయితీలు. పిల్లలకు పళ్ళు పంచాలి, కొట్లాట రాకూడదు. వాగు దాటాలి, ఎవరూ తడవకూడదు. ప్రతి పంచాయితీలోనూ ఒక లెక్క దాగి ఉండేది. నేను లెక్క చేస్తున్నానని తెలియకుండానే చేసేసి, పేజీ తిప్పి, నాకు వచ్చిన జవాబే అక్కడ అచ్చై ఉండడం చూసి ఉలిక్కిపడేదాన్ని. బడిలో నాకు ఒక్క లెక్కా వచ్చేది కాదు. ఇక్కడ ప్రతిదీ వచ్చేది. అది నిజంగా లెక్కేనా, లేక నన్ను మురిపించడానికి లెక్కలా వేషం వేసిన ఇంకేదైనానా అని నాకే అనుమానం కలిగేది.

ఆ వారంలోనే మా అర్ధ సంవత్సరం పరీక్షల మార్కులు వచ్చాయి. లెక్కల్లో నాకు వచ్చింది చెప్పుకోదగ్గది కాదు. బడి నుంచి మా బాపుకు కబురు వెళ్ళింది. దుకాణంలో సరుకు కట్టే వేళ పని వదిలి రావలసి వచ్చిందని సేఠు నలుగురి ముందూ ఏదో అన్నాడట. బడిలో మాస్టరు ఇంకేదో అన్నాడట. ఆ రెండు మాటలూ మోసుకుంటూ ఆయన మధ్యాహ్నం ఎండలో నడిచి ఇంటికి వచ్చేసరికి, ఆ రోజు ఒంటిపూట బడి కావడంతో ముందే వచ్చేసిన నేను గడప మీద కూర్చుని కోతి బొమ్మ ఉన్న పుస్తకం చదువుతూ పగలబడి నవ్వుతున్నాను.

"లెక్కల్ల సున్నా దెచ్చుకొని నవ్వుతున్నవా? ఏంది గది?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "లెక్కల పుస్తకమే బాపూ" అన్నాను.

ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. తెరిచిన పేజీలో కోతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "అబద్ధం గూడ నేర్చినవా?" అంటూ చెంప మీద కొట్టాడు. ఎక్కాలు తప్పినప్పుడు అరిచేవాడే తప్ప, అంతకుముందు ఎప్పుడూ ఆయన చెయ్యి నా మీద పడలేదు. తరువాత పుస్తకాన్ని నడిమికి చింపి గల్లీలోకి విసిరేశాడు. అది బర్రెలు నీళ్ళకు వెళ్ళే వేళ. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి వెనక సగం కాగితాలు విడిపోయి, గిట్టల కింద నలిగి, మోరీ మురికినీళ్ళలో పడి ఉన్నాయి. ముందు సగం మాత్రం పక్కింటి అరుగు దగ్గర దొరికింది. దాన్ని కడుపుకు అదుముకుని లోపలికి వచ్చాను. దెబ్బ నొప్పి గుర్తు లేదు. నేను చెప్పింది నిజమేనని ఆ సగం పుస్తకానికే చెప్పుకోవడం గుర్తుంది.

ఆ రోజు, మర్నాడు కూడా మా బాపు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. డాబా ఎక్కడం మానేశాను. నాకు ఆయన మీద కోపం కన్నా అక్క ముఖం ఎలా చూడాలన్న బాధే ఎక్కువగా ఉండేది. చింపింది నేను కాకపోయినా, ఆ పుస్తకం నా చేతికి వచ్చాకే కదా అలా అయింది. నవ్వకుండా చదువుకుని ఉంటే ఏమీ జరిగేది కాదని, ఆ నవ్వునే తప్పు పట్టుకుని కూర్చున్నాను.

శనివారం సాయంత్రం అక్కే మా ఇంటికి వచ్చింది. మా అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మా బాపు అప్పుడే పని నుంచి వచ్చి లోపల కాళ్ళు కడుక్కుంటున్నాడు. "పుస్తకం అయిపోయిందా? రేపు ఒకసారి చూసుకుంట" అంది అక్క. నేను లోపలికి వెళ్ళి ఆ సగం పుస్తకం తెచ్చి ఇచ్చాను. అక్క దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పింది. ఆమె ముఖంలో రంగు పోవడం చూశాను.

"గల్లీల పడిపోయిందక్కా. బర్రె తొక్కింది" అన్నాను. ఎందుకలా అన్నానో ఆలోచించి అనలేదు. మా బాపు లోపల ఉన్నాడు, ఆయన తల దించుకోవడం నేను చూడలేను అనిపించింది, అంతే.

లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. మా బాపు తడి కాళ్ళతోనే బయటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. అక్క చేతిలోని సగం పుస్తకాన్ని చూశాడు. తరువాత, "అది నిజం గాదు బిడ్డా. బర్రె తొక్కింది తర్వాతనే. చింపింది నేను" అన్నాడు.

అక్క ఆయన్ను చూసింది. "ఎందుకు కాకా?"

"కిస్సల, కతల పుస్తకమనుకున్న. ఇది లెక్కల పుస్తకమే అన్నది. అబద్ధమాడుతుందని కొట్టిన."

"లెక్కల పుస్తకమే కాకా" అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు కానీ మెత్తదనం కూడా లేదు. మా అమ్మ చేట పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయింది. మా బాపు నా చెంప వైపు చూశాడు. అప్పటికి అక్కడ ఏ గుర్తూ లేదు. అయినా ఆయన అక్కడే చూశాడు. ఆ రోజు చేయని తప్పుకు నన్ను కొట్టాడు. ఈ రోజు ఆయన కోసం నేను నిజంగానే అబద్ధం ఆడాను, దాన్ని ఆయన చెవులారా విన్నాడు. ఈ రెండూ ఆయన మనసులో ఎలా కలబడ్డాయో ఆయన ముఖంలో కనిపించింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అక్క మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. "సరే కాకా, ఇది జెప్పు. కోతమ్మకు ఐదుగురు కొడుకులు. ఒక్కొక్క కొడుక్కు ఒక చెల్లె ఉన్నది. కోతమ్మకు మొత్తం పిల్లలెంతమంది?"

"ఐదు రెళ్ళు పది" అన్నాడు మా బాపు, ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

అక్క నా వైపు చూసింది. నేను చెప్పకూడదనుకున్నాను. కానీ ఆమె చూపు మరల్చలేదు. "ఆరు బాపూ" అన్నాను నెమ్మదిగా. "అందరికీ చెల్లె ఒక్కతే."

ఆయన వేళ్ళ మీద ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. తరువాత మెట్టు మీద, అక్కకు కొంచెం కిందగా కూర్చుండిపోయాడు. "ఇంకోటి అడుగు" అన్నాడు.

ఆ సాయంత్రం అక్క అడుగుతూనే ఉంది, ఆయన తప్పుతూనే ఉన్నాడు. ఎక్కాలు వచ్చినవాడు కాబట్టి ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేవాడు, అది తప్పయ్యేది. ఆయన తప్పుగా చెప్పడం నేను అంతవరకూ చూడలేదు. తప్పు చెప్పినప్పుడల్లా నా వైపు చూసి తల ఊపేవాడు. అక్క వెళ్ళిపోయేటప్పుడు, సోమవారం ఏం చేస్తావని అడిగాడు. "ఏదో ఒకటి చేస్తలే కాకా, ఫికర్ జెయ్యకు" అంది. కానీ మెట్లు దిగేటప్పుడు ఆ సగం పుస్తకాన్ని ఆమె పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా దిగులేసేది. మా బాపు వెనకే వెళ్ళి దాన్ని అడిగి తీసుకున్నాడు. దబ్బనం తెచ్చి, విడిపోతున్న కాగితాలను గిన్నెల సంచులు కుట్టినట్టే సుతిలి దారంతో కుట్టాడు. సరిగ్గా కుదరలేదు. కోతమ్మ చెయ్యి కుట్టులో కలిసిపోయింది.

మిగిలిన సగంలో చివరి పేజీలో ఒక గుండ్రటి రొట్టె బొమ్మ ఉంది. మూడే కోతలు కోసి ఎక్కువలో ఎక్కువ ఎన్ని ముక్కలు చేయగలవని కోతమ్మ అడుగుతుంది. జవాబు వెనక పేజీలో ఉండేది, అది మోరీలో పోయింది. ఆదివారం పొద్దున మా బాపు పుస్తకం ఇవ్వడానికి అక్కవాళ్ళింటికి వెళ్ళి, ఆ జవాబేమిటని అడిగాడు. అక్కకు తెలుసు. కానీ చెప్పలేదు. "చింపినోళ్ళే జెప్పాలె" అందట నవ్వుతూ. అది నవ్వుతూ అన్న మాటే అయినా ఆయనకు తగలవలసిన చోటే తగిలింది.

ఇంటికి వచ్చి మా అమ్మను గోధుమ రొట్టెలు చేయమన్నాడు. పెనం మీది నుంచి రొట్టె దిగడమే ఆలస్యం, కత్తి పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. అందరిలాగే నడిమి నుంచి ఒక కోత, దానికి అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఇంకొకటి కోశాడు. ఆరు ముక్కలు. "మూడు రెళ్ళు ఆరు. అయిపాయె" అన్నాడు. పిట్టగోడ మీది నుంచి అక్క, "ఇంకా వస్తయి కాకా" అని అరిచింది. ఇంకో రొట్టె, ఇంకో రొట్టె. "ఇది లెక్కనా లొల్లినా? పిండి అయిపోతున్నది" అని మా అమ్మ గొణిగింది కానీ పెనం దించలేదు. ఆ రోజు మా భోజనమంతా రొట్టె ముక్కలూ పప్పే. ఆయన తినలేదు. ఒక రొట్టె ముందు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, ఎక్కాలు చెప్పించేటప్పుడు మూసుకున్నట్టే. నాకు భయం వేయలేదు.

ఆఖరికి మూడో కోతను నడిమి నుంచి కాకుండా కొంచెం పక్కకు జరిపి కోశాడు. ముక్కలను దూరంగా జరుపుతూ లెక్కపెట్టాడు. ఏడు. అన్నిటి మధ్యా చిటికెడంత మూడు మూలల ముక్క ఒకటి మిగిలింది. "దొరికింది!" అని ఆయన వేసిన కేకకు మా అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆయన ఆ చిన్న ముక్కను తీసి నా అరచేతిలో పెట్టాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను తినేశాను. అప్పుడే పిట్టగోడ వైపు తిరిగి, "బొమ్మలు పోతే పోనియ్ బిడ్డా. రొట్టెలే తీస్కపో. పిల్లలే కోసుకుంటరు" అన్నాడు.

సోమవారం మా అమ్మ తెల్లవారకముందే లేచి ఒక పెద్ద డబ్బా నిండా రొట్టెలు చేసింది. మా బాపు ఒక పూట పని మానేశాడు. సేఠు ఏమన్నాడో నాకు తెలియదు. ఆ డబ్బాను భుజాన పెట్టుకుని అక్క వెనకే బడికి వచ్చాడు. నన్ను మా తరగతి నుంచి పిలిపించి రొట్టెలు పంచమన్నారు. పంచి బయటికి వచ్చి, వరండాలో కిటికీ పక్కన ఆయన దగ్గర నిలబడ్డాను. లోపల వెనక బల్ల మీద కాలేజీ మేడం కూర్చుని ఉంది. అక్క మొదట్లో మాటిమాటికీ మేడం వైపే చూసింది. కోతమ్మ కొడుకుల లెక్క అడిగింది. తరగతి మొత్తం ఒక్క గొంతుతో "పదీ!" అని అరిచింది. ఒక చిన్న పిల్ల మాత్రం లేచి నిలబడి, "చెల్లె ఒక్కతేనేమో టీచర్" అంది. పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు, తరువాత నవ్వులు. మేడం కూడా నవ్వింది. రొట్టెలు కోసే సమయానికి తరగతి సంతలా అయిపోయింది. కోసిన వాళ్ళు కోస్తున్నారు, తినే వాళ్ళు తింటున్నారు, ప్రతివాడూ తన ముక్కలు లెక్కపెట్టమని అరుస్తున్నాడు. అక్క ఇక మేడం వైపు చూడడం లేదు. ఆ పాఠంతో ఆమె గట్టెక్కింది. తరువాత పంతులమ్మగా చాలా ఏళ్ళు పనిచేసింది.

మా బాపు కిటికీ ఊచ పట్టుకుని చూస్తున్నాడు. మొదట నవ్వాడు. తరువాత ఆ నవ్వు ఆయన ముఖం మీద నుంచి మెల్లగా జారిపోయింది.

"మా పంతులు లెక్కలు జెప్తుంటే మేం ఒక్కరం గూడ నవ్వలే" అన్నాడు, నాతో కాదు, లోపలికి చూస్తూనే. కాసేపటికి నా వైపు తిరిగాడు. "మొన్న నువ్వు నిజమే జెప్పినవ్ బిడ్డా. నేనే ఇనలే. కొట్టొద్దుండె. తప్పు నాది."

నేను ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. చెప్పాలనిపించిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటి దాకా రాలేదు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలతో అలా మాట్లాడరు. దానికి ఏం జవాబివ్వాలో నాకు ఎవరు నేర్పారని? ఆయన ఇంకాసేపు అలాగే ఉన్నాడు. తరువాత ఖాళీ డబ్బా తీసుకుని, "పని మీద పోవాలె" అని వెళ్ళిపోయాడు. బడి గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఆ తరువాత నాకు లెక్కలు వచ్చాయి, మరీ గొప్పగా కాదు కానీ భయం లేకుండా వచ్చాయి. మా బాపు మళ్ళీ ఎప్పుడూ నా మీద చెయ్యి ఎత్తలేదు. నేను పుస్తకం పట్టుకుని నవ్వుతుంటే పక్కన వచ్చి కూర్చునేవాడు, ఏం పుస్తకమని అడిగేవాడు కాదు. నేను మాత్రం ఏ శబ్దమైనా వినబడితే గుమ్మం వైపు చూసేదాన్ని. అది ఆయన గమనించేవాడు. గమనించిన ప్రతిసారీ ఆయన ముఖంలో ఏదో ఆరిపోయేది.

చాలా ఏళ్ళ తరువాత, నా కొడుకు చిన్నవాడిగా ఉన్నప్పుడు, ఒకరోజు పొయ్యి మీద పాలు మాడిపోయాయి. స్టవ్వు వాడే పెంచాడనుకుని గట్టిగా కేకలేశాను. నేను ముట్టుకోలేదని వాడు ఏడ్చాడు. అబద్ధమాడకని ఇంకా గట్టిగా అరిచాను. సాయంత్రం మా అత్తమ్మ, మంట పెంచింది తనేనని, మరిచిపోయానని చెప్పింది. నేను వాడి గది ముందు ఎన్నిసార్లు తచ్చాడానో. గడప దాటలేకపోయాను. నాలుగు మాటలు, అవి కూడా కడుపున పుట్టినవాడితో అనవలసినవి, నాలుక మీదికి రావడానికి అంత పెనుగులాడతాయని అప్పటివరకూ తెలియదు. చివరికి వెళ్ళి, "తప్పు నాదిరా, నువ్వు నిజమే చెప్పావు" అన్నాను. చెప్పి, నిలబడ్డాను. వాడు కళ్ళు తుడుచుకుని, "సరే అమ్మా" అన్నాడు. బంతి తీసుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ "సరే" వినగానే నా గుండె మీది నుంచి ఏదో దిగిపోయింది. మరుక్షణమే వరండాలో కిటికీ పక్కన మా బాపు నిలబడిన తీరు గుర్తొచ్చి అక్కడే కూలబడ్డాను. ఆయన ఆ రోజు ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. గేటు దగ్గర వెనక్కి తిరిగింది కూడా అందుకే. నాకు అది అర్థమయ్యేసరికి చెప్పించుకోవడానికి ఆయన లేడు. పిల్లదాన్ని, తెలియలేదు అని నాకు నేను సర్దిచెప్పుకుంటూనే ఉంటాను. పెద్దదాన్నయ్యాక ఆయన ఇంకా ఎన్నో ఏళ్ళు బతికి ఉన్నాడని మనసు మళ్ళీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

అందుకే ఇప్పుడు ఎవరైనా, అది మనవరాలు కానీ, పనిమనిషి కానీ, ముక్కూమొహం తెలియని ఆటో అతను కానీ, నా ముందుకు వచ్చి తప్పు నాది అంటే, వాళ్ళను ఆ మాట పట్టుకుని ఒక్క క్షణం కూడా నిలబడనివ్వను. వాళ్ళు నోరు మూసేలోపే సరే అంటాను.